ఎలిజబెత్, ఇసబెల్లా ఒకే పేరు ఎలా అయ్యాయి?

నమస్కారం. ముందుగా ఒక నాణెం సంగతి చెప్పుకుందాం. స్పెయిన్‌లో 1497లో నాణేల పద్ధతిని మార్చాక ముద్రించిన వెండి నాణేల మీద, అంచు చుట్టూ లాటిన్‌లో ఒక వరస కనిపిస్తుంది: "ఫెర్నాందుస్ ఎత్ ఎలిసబెత్". ఎత్ అంటే లాటిన్‌లో "మరియు". ఫెర్నాందో రాజు, ఎలిసబెత్ రాణి అన్నమాట. కొలంబస్‌కు ఓడలిచ్చి పంపింది ఈ దంపతులే. మరి మనం బడిలో చదువుకున్న పాఠంలో ఆ రాణి పేరు ఇసబెల్లా కదా? నాణెం మీద ఎలిసబెత్ ఎలా వచ్చింది?

నాణెంలో తప్పు లేదు, పాఠంలోనూ తప్పు లేదు. జనం నోట ఆవిడ ఇసబెల్. అదే పేరును లాటిన్‌లో చెక్కాల్సి వచ్చేసరికి ఎలిసబెత్ అని చెక్కారు. ఆ రోజుల్లో అక్కడి రాయసగాళ్లకు ఇవి రెండు పేర్లు కావు. ఒకటి వీధిలో పలికే రూపం, ఇంకొకటి పత్రంలో రాసే రూపం.

ఈ వీడియోలో ఆ పేరు హీబ్రూ నుంచి బయల్దేరి యూరప్ అంతా తిరిగి ఎర్జేబెత్, ఎల్జ్‌బియేటా, ఎలిష్కా, లీసా, ఎల్స్‌పెత్, ఇసబెల్ దాకా ఎలా మారిందో ఒక్కొక్క అడుగూ చూద్దాం. ఈ మార్పుల్లో గాలివాటం చాలా తక్కువ. ప్రతి రూపానికీ ఒక కారణం ఉంది. ఆ కారణం తెలిస్తే, ఎక్కడైనా కొత్త రూపం కంటపడినప్పుడు అది ఏ దారిన వచ్చిందో మీరే చెప్పగలరు.

పుట్టిల్లు హీబ్రూ. అక్కడి పలుకు "ఎలీషెవ". నిర్గమకాండం 6వ అధ్యాయం 23వ వచనంలో అహరోను భార్య పేరుగా వస్తుంది. అమ్మినాదాబు కూతురు, నహస్సోను సోదరి. మన తెలుగు బైబిల్లో ఈవిడ "ఎలీషెబ". ఇప్పుడు కొత్త నిబంధనకు రండి. లూకా సువార్త 1వ అధ్యాయం 5వ వచనంలో జెకర్యా భార్య, బాప్తిస్మమిచ్చు యోహానుకు తల్లి. ఆవిడ "ఎలీసబెతు". అహరోను వంశపు ఆడపడుచు అని లూకా ప్రత్యేకంగా చెబుతాడు. అంటే ఆ వంశానికి మూలమైన తల్లి పేరే ఈవిడకూ పెట్టారు. తెలుగు చర్చిల్లో ఈ రెండు పేర్లూ వినిపిస్తాయి, రెండూ వేర్వేరు అనుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి ఒకే పేరు. ఒకటి హీబ్రూ నుంచి నేరుగా వచ్చింది, రెండోది గ్రీకు మీదుగా వచ్చింది. 1611 నాటి ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్లోనూ ఇదే తేడా ఉంది. అక్కడ మొదటావిడ ఎలిషెబా, రెండో ఆవిడ ఎలిసబెత్. లాటిన్ బైబిల్లో మాత్రం ఇద్దరూ ఎలిసబెతే, ఎందుకంటే అక్కడ ఇద్దరి పేర్లూ గ్రీకు రూపంలోనే స్థిరపడ్డాయి.

అర్థం చూద్దాం. ఎలీషెవలో "ఏల్" అంటే దేవుడు. "ఈ" అంటే "నా". మిగిలింది "షెవ". ఈ ముక్క దగ్గర కాస్త ఆగాలి. హీబ్రూలో "షెవ" అంటే ఏడు. అవే మూడు హల్లులతో "షెవూఅ" అంటే ప్రమాణం, ఒట్టు. ప్రమాణం చేయడానికి వాడే క్రియ కూడా ఆ ధాతువులోంచే వచ్చింది. ఏడుకీ ఒట్టుకీ ఎంత దగ్గర చుట్టరికమో చెప్పే కథ ఆదికాండం 21వ అధ్యాయంలో ఉంది. అబ్రాహాము ఏడు గొర్రెపిల్లలను విడిగా నిలబెట్టి అబీమెలెకుతో ప్రమాణం చేసుకుంటాడు, ఆ చోటికి బెయేర్షెబా అని పేరొస్తుంది. ఆ ఊరి పేరు చివర ఉన్న షెబా, ఎలీషెబలో ఉన్న షెబ ఒకటే. మన భాషకూ ఆ భాషకూ చుట్టరికం లేదు. అయినా ఏడుకీ ప్రమాణానికీ ముడి పడటం సప్తపది తెలిసిన మనకు వింతగా అనిపించదు.

కాబట్టి పేరుకు నిలబడే అర్థాలు రెండు. "నా దేవుడే నాకు ప్రమాణం" అన్నది ఒకటి. ఏడును పరిపూర్ణతకు గుర్తుగా తీసుకుని "నా దేవుడే పరిపూర్ణుడు" అన్నది రెండోది. పిల్లల పేర్ల జాబితాల్లో "దేవునికి అంకితమైనది" అని కూడా రాస్తుంటారు. ఆ పేరులోని ముక్కల్లో అంకితం అనే మాట ఎక్కడా లేదు. ప్రమాణం అన్న అర్థాన్ని సాగదీసి చెప్పిన భావం అది. పాపకు పేరు పెట్టి కార్డు మీద అర్థం అచ్చు వేయించాలనుకునేవాళ్లు మొదటి అర్థం వేయించుకోండి. దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

ఇంకో పొరపాటు మన దగ్గర బాగా కనిపిస్తుంది. బేతేలు అంటే దేవుని మందిరం, బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు అని అందరికీ తెలుసు. ఆ తెలివిడితో ఎలిజబెత్ చివర ఉన్న "బెత్" కూడా ఇల్లే అనుకుని "దేవుని ఇల్లు" అని అర్థం చెప్పేస్తారు. కుదరదు. ఈ "బెత్"లో "బె" అనేది షెవ (షెబ అన్నా అదే మాట) లోపలి బకారం. "త్" గ్రీకు రూపంలో కనిపించే చివరి హల్లు. మాటను ఎలి, సబెత్ అని విడగొట్టాలి తప్ప ఎలిస, బెత్ అని కాదు. విరవకూడని చోట విరిస్తే అర్థం ఇలాగే దారి తప్పుతుంది.

మరి ఆ త్ ఎక్కడిది? క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో మోషే గ్రంథాలను గ్రీకులోకి మార్చారు. గ్రీకులో ష అనే ధ్వని లేదు, కాబట్టి ష స్థానంలో స వచ్చింది. పేరు చివర హీబ్రూలో "అయిన్" అనే అక్షరం ఉంది. అది గొంతు లోతులోంచి వచ్చే హల్లు. గ్రీకులో దానికి అక్షరమే లేదు, అది పోయింది. అలా చూస్తే ఎలిసబె దగ్గర ఆగిపోవాలి. కానీ గ్రీకులో "ఎలిసబెత్" అని ఉంది. అనువాదకులు తప్పు విన్నారని కొట్టిపారేయడం తొందరపాటు. హీబ్రూ బైబిల్లోనే దీనికి జత ఉంది. పసివాడైన యోవాషును దాచి కాపాడిన రాజకుమారి పేరు రాజుల రెండవ గ్రంథం 11వ అధ్యాయంలో "యెహోషెవ". అదే మనిషి, అదే సంఘటన, దినవృత్తాంతముల రెండవ గ్రంథం 22వ అధ్యాయంలో "యెహోషవ్‌అత్". చివర త్ చేరింది. అదే షెవ, ఒకచోట త్ లేకుండా, ఒకచోట త్‌తో. ఎలీషెవకూ అలాంటి రెండో రూపం జనం నోట ఉండి ఉంటుందని, గ్రీకువాళ్లు దాన్నే రాసుకున్నారని అనుకోవడం సబబుగా ఉంటుంది.

ఈ చివరి త్‌ని గుర్తుపెట్టుకోండి. తర్వాత జరిగే కథలో సగం దీని చుట్టూనే తిరుగుతుంది. హల్లుతో ముగిసే మాటను కొన్ని భాషలు భరిస్తాయి, కొన్ని భరించవు. తెలుగు భరించదు. మనది అజంత భాష. బస్ మనకు బస్సు, కార్ మనకు కారు. అలాగే ఎలిసబెత్ వచ్చి ఎలీసబెతు అయింది. ఇటాలియన్‌దీ దాదాపు ఇదే స్వభావం. అక్కడ త్‌ని ఒత్తి పలికి చివర ఆ చేర్చారు, "ఎలిసబెట్టా" అయింది. మనం ఉ చేర్చాం, వాళ్లు ఆ చేర్చారు, ఆడవాళ్ల పేర్లకు ఇటాలియన్‌లో సాధారణంగా వచ్చే ముగింపు అదే కాబట్టి. పోలిష్, చెక్, రష్యన్ భాషలకు చివరి హల్లుతో పేచీ లేదు, కానీ ఆడపేరు ఆ తో ముగియాలనే అలవాటు వాటికీ ఉంది. అందుకే ఎల్జ్‌బియేటా, అల్జ్‌బ్యేటా, యెలిజవేటా. జర్మన్, ఇంగ్లిష్, హంగేరియన్ భాషలు మాత్రం ఏమీ చేర్చకుండా హల్లుతోనే ఆపేశాయి.

ఇప్పుడు దారులు చీలతాయి. క్రైస్తవం యూరప్‌లో రెండు వైపుల నుంచి వ్యాపించింది. పడమట రోమ్, లాటిన్. తూర్పున కాన్‌స్టాంటినోపుల్, గ్రీకు. ఈ పేరు ఏ వైపు నుంచి వచ్చిందో ఒక్క అక్షరం చెప్పేస్తుంది. గ్రీకులో "బీటా" అనే అక్షరం పాతకాలంలో బ. తర్వాతి శతాబ్దాల్లో దాని పలుకు వ అయిపోయింది. స్లావ్ జాతులు గ్రీకువాళ్ల దగ్గర క్రైస్తవం తీసుకునేనాటికి అది వకారమే. అందుకే రష్యన్‌లో యెలిజవేటా, బల్గేరియన్‌లో ఎలిసవేటా, సెర్బియన్‌లో యెలిసవేటా, నేటి గ్రీకులో ఎలిసావెత్. లాటిన్ వైపు తీసుకున్నవాళ్లకు మాత్రం బ అలాగే నిలిచింది. ఇది ఈ ఒక్క పేరుకే పరిమితం కాదు. పడమటి బార్బరా రష్యన్‌లో వర్వారా. బబులోను రష్యన్‌లో వవిలోన్. బ, వ తేడాతో తూర్పు చర్చికీ పడమటి చర్చికీ మధ్య గీత గీసేయొచ్చు.

ఈ సూత్రానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ నార్వేలో ఉంది. కీవ్‌ను ఏలిన యారొస్లావ్ కూతురు యెలిసవేటా 11వ శతాబ్దంలో హారాల్డ్ హార్డ్‌రాడాను పెళ్లాడింది. అతను 1046 నుంచి 1066 దాకా నార్వే రాజు. ఆనాటి నార్వే భాష అయిన నార్స్‌లో ఆవిడ పేరు "ఎల్లిసిఫ్". చివర ఫ్ చూడండి. పాత నార్స్‌లో అచ్చు తర్వాత వచ్చే వకారాన్ని ఫ్ అక్షరంతోనే రాసేవాళ్లు. అంటే ఆ పేరు నార్వేకు రోమ్ మీదుగా వచ్చింది కాదు, కీవ్ మీదుగా వచ్చింది. రోమ్ నుంచి వచ్చుంటే అక్కడ బకారం ఉండేది. నార్వేలో ఇప్పటికీ ఎల్లిసివ్ అనే పేరుంది.

పడమట ఈ పేరును ఇంటింటికీ చేర్చింది ఒక అమ్మాయి. హంగేరీ రాజు రెండవ ఆండ్రాష్ కూతురు ఎర్జేబెత్, 1207లో పుట్టింది. నాలుగేళ్ల వయసులోనే కాబోయే అత్తవారింటికి, జర్మనీలోని తూరింగియాకు పంపేశారు. 14 ఏళ్లకు పెళ్లి. భర్త లూడ్విగ్ 1227లో క్రూసేడ్‌కు వెళుతూ దారిలో ఇటలీలో చనిపోయాడు. ఆవిడ మార్బుర్గ్ చేరి ఆస్పత్రి కట్టించి, రోగులకు తన చేతులతో సేవ చేసి, 1231 నవంబరు 17న 24 ఏళ్ల వయసులో కన్నుమూసింది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1235లో, పోప్ 9వ గ్రెగరీ ఆవిడను పునీతురాలిగా ప్రకటించాడు. అదే ఏడాది మార్బుర్గ్‌లో ఆవిడ పేరున పెద్ద చర్చి కట్టడం మొదలైంది, ఇప్పటికీ ఉంది. పుట్టింది హంగేరీలో, పోయింది జర్మనీలో. రెండు దేశాలూ మా బిడ్డ అన్నాయి, ఆ పేరు రెండు దేశాల్లోనూ పాతుకుపోయింది. హంగేరీలో ఈ రోజుకీ నవంబరు 19 ఎర్జేబెత్‌ల పేరు పండుగ. ఆ రోజు ఆ పేరున్న వాళ్లకు పుట్టినరోజుకు చెప్పినట్టే శుభాకాంక్షలు చెబుతారు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి, ధ్వనుల సంగతి ఇంకాస్త లోతుకు వెళుతుంది. హంగేరియన్ ఎర్జేబెత్, పోలిష్ ఎల్జ్‌బియేటా, చెక్ అల్జ్‌బ్యేటా. ఈ మూడింటిలో నేను జ అని రాస్తున్నది మన జకారం కాదు. ష పలుకుతూ గొంతు మోగిస్తే వచ్చే ధ్వని అది. తెలుగులో అక్షరం లేదు కాబట్టి జ తో సరిపెట్టుకుంటున్నాం. మూలంలో ఉన్నది స కదా, ఈ ధ్వని ఎలా వచ్చింది? కొందరు హీబ్రూ షకారమే మిగిలిందంటారు. అలా అయ్యే వీలు లేదు, ఆ ష గ్రీకు దగ్గరే పోయింది. కారణం మధ్యయుగపు జర్మన్. అప్పటి జర్మన్ సకారాన్ని నాలుకను కొంచెం వెనక్కి లాగి పలికేవాళ్లు, పొరుగు చెవులకు అది ష లాగానో, గొంతు మోగిన ష లాగానో వినిపించింది. దీనికి రుజువు పేర్లలోనే కాదు, రొట్టెలో కూడా ఉంది. "సెమ్మెల్" అనే జర్మన్ రొట్టె చెక్‌లో "జెమ్లె", హంగేరియన్‌లో "జెమ్లే" అయింది. రెండు చోట్లా మొదట ఉన్నది ఆ మోగిన షకారమే. జర్మన్‌లో దీవించడానికి వాడే "సెగ్నెన్" పోలిష్‌లో "జెగ్నాచ్" అయింది, మళ్లీ అదే మార్పు. కాబట్టి పేరులో ఈ ధ్వని కనబడితే, అది జర్మన్ పొరుగు మీదుగా నడిచి వచ్చిందని పట్టుకోవచ్చు. హంగేరియన్‌లో అదనంగా లకారం రకారం అయింది. ఎల్ కాస్తా ఎర్.

చెక్ భాషలో ఇంకో రూపం ఎలిష్కా. మొదట్లో ముద్దుపేరు, తర్వాత పూర్తి పేరుగా నిలబడింది. ప్రాగ్ నుంచి ఏలిన చక్రవర్తి 4వ చార్లెస్ తల్లి (1292–1330) చెక్ చరిత్రలో ఎలిష్కా ప్రెమిస్లొవ్నా, లాటిన్ పత్రాల్లో ఎలిసబెత్. ఇప్పుడు చెక్ ఇళ్లలో అల్జ్‌బ్యేటా, ఎలిష్కా రెండు వేర్వేరు పేర్లుగా నడుస్తున్నాయి. అక్కాచెల్లెళ్లకు ఒకరికి ఇది, ఒకరికి అది పెట్టినా ఎవరికీ వింతగా తోచదు.

ఇక నాణెం దగ్గరికి, ఇసబెల్ దగ్గరికి వద్దాం. ఫ్రాన్స్ దక్షిణాన ఆక్సిటన్, ఆ పక్కన స్పెయిన్ భాషలు. అక్కడ రెండు మార్పులు జరిగాయి. ఒకటి తోక దగ్గర. స్పానిష్‌లో మాట చివర త్ ఇమడదు, ల్ బాగా ఇముడుతుంది. ఎలిసబెత్ కాస్తా ఎలిసబెల్ అయింది. పైగా "బెల్" అంటే ఆ ప్రాంతపు భాషల్లో అందం, ఆ మాట చెవికి అలవాటే. రెండోది తల దగ్గర. స్పానిష్‌లో "ఎల్" అంటే నామవాచకానికి ముందు పెట్టే ఉపపదం, ఇంగ్లిష్ "ది" లాంటిది. ఎలిసబెల్ అని వినగానే ఎల్ ఇసబెల్ అన్నట్టు తోచి, ఎల్ ఊడిపోయిందని ఎక్కువమంది చెప్పే వివరణ. మిగిలింది ఇసబెల్. హీబ్రూలో "ఏల్" అంటే దేవుడు, పేరుకు ప్రాణం. స్పెయిన్‌లో దాన్ని వ్యాకరణపు ముక్క అనుకుని వదిలేశారు. ఇసబెల్‌లో ఇప్పుడు దేవుడూ లేడు, ఏడూ సగమే మిగిలింది. అయినా పేరు బ్రతికింది.

ఇసబెల్, ఇసబెల్లా అంటే "అందగత్తె" అని అర్థం చెప్పడం ఇక్కడ పుట్టిన పొరపాటే. బెల్లా అంటే ఇటాలియన్‌లో అందమైనది, నిజమే. కానీ ఈ బెల్లా తర్వాత వచ్చి అతుక్కున్న తోక. ఇంకొందరు యెజెబెలుతో ముడిపెడతారు. అహాబు భార్య యెజెబెలు సీదోను రాచబిడ్డ. హీబ్రూలో ఆ పేరు "ఈజెవెల్", దాని అక్షరాలే వేరు. క్రైస్తవ దేశాల్లో ఆ పేరును కోరి పెట్టుకున్న ఆచారమూ లేదు. వినడానికి దగ్గరగా ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపకూడదు.

ఇసబెల్ అంటే ఎలిసబెతే అనడానికి నాణెం కాక ఇంకో గట్టి సాక్ష్యం ఉంది. మార్బుర్గ్ పునీతురాలికి ఒక చెల్లెలు ఉంది, వియొలాంత్. తండ్రి ఒకరే, తల్లులు వేరు. ఆవిడ అరగాన్ రాజును పెళ్లాడి స్పెయిన్ వచ్చింది. ఆవిడ మనవరాలు 1271లో పుట్టింది. నాయనమ్మ అక్కగారైన పునీతురాలి పేరు ఆ పాపకు పెట్టారు. ఏమని? ఇసబెల్ అని. ఆ పాపే పెరిగి పోర్చుగల్ రాణి అయి, 1336లో చనిపోయి, 1625లో తానూ పునీతురాలైంది. ఇంగ్లిష్ పుస్తకాలు ఈవిడను పోర్చుగల్ ఎలిజబెత్ అంటాయి, పోర్చుగీసువాళ్లు రాణి ఇసబెల్ అంటారు. ఇద్దరు పునీతురాళ్ల గురించీ ఒకటే కథ చెబుతారు, పేదలకు దాచి తీసుకెళుతున్న రొట్టెలు ఒడిలో గులాబీలైపోయాయని. పేరుతో పాటు కథ కూడా చేతులు మారింది.

సరిహద్దు దాటితే పేరు మారిపోవడం రాచకుటుంబాల్లో మామూలు. బవేరియాలో ఎలిసబెత్‌గా పుట్టిన అమ్మాయి 1385లో ఫ్రాన్స్ రాజు 6వ చార్లెస్‌ను పెళ్లాడి "ఇసబో" అయింది. ఫ్రాన్స్‌లో 1545లో పుట్టిన ఎలిజబెత్ ద వల్వా స్పెయిన్ రాజు 2వ ఫిలిప్ భార్యగా ఇసబెల్ ద వలోయిస్. ఇటలీ నుంచి వెళ్లిన ఎలిసబెట్టా ఫర్నేసే స్పెయిన్‌లో ఇసబెల్ ద ఫర్నేసియో. మన కోడలు పిల్లకు అత్తవారింట్లో పేరు మార్చడం వేరు. ఇక్కడ పేరు మార్చలేదు, ఉన్న పేరునే ఆ ఊరి మాటలో పిలిచారు.

కాలక్రమంలో ఇటలీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్‌లలో రెండు రూపాలూ విడిపోయి రెండు పేర్లయ్యాయి. మధ్యయుగపు ఇంగ్లిష్ రికార్డుల్లో ఒకే మనిషి ఒక కాగితంలో ఇసబెల్లా, మరో కాగితంలో ఎలిజబెత్‌గా కనిపిస్తుంది. తర్వాత మొదటి ఎలిజబెత్ రాణి (1533–1603) పుణ్యమా అని ఎలిజబెత్ పైచేయి అయింది. స్పెయిన్, పోర్చుగల్‌లలో మాత్రం విడిపోలేదు. స్పానిష్ కాథలిక్కులకు లూకా సువార్తలోని ఎలీసబెతు కూడా సాంతా ఇసబెలే.

జెడ్ అక్షరం గురించి ఒక ముక్క. రెండు అచ్చుల మధ్య ఇరుక్కున్న స, గొంతు మోత కలుపుకుని జెడ్ ధ్వనిగా మారడం యూరప్ భాషల్లో చాలాచోట్ల ఉంది. ఇంగ్లిష్ ఆ ధ్వనిని అక్షరంలోకీ ఎక్కించింది. జర్మన్, ఫ్రెంచ్ భాషలు జెడ్ పలుకుతూనే ఎస్ రాస్తాయి. అందుకే ఎస్ ఉన్న స్పెల్లింగ్ అచ్చుతప్పు కాదు. 1611 బైబిల్ అచ్చయింది జెడ్‌తో సంతకం చేసిన ఎలిజబెత్ రాణి పోయిన 8 ఏళ్లకు, అయినా అందులో ఎస్‌తోనే ఉంది.

ఇంత పొడుగు పేరును ఇంట్లో ఎవరూ పూర్తిగా పిలవరు. కుదింపులు పుట్టుకొస్తాయి. వాటికీ ఒక లెక్క ఉంది. పేరులో ఏ అక్షరం మీద ఊనిక పడితే, అంటే దేన్ని నొక్కి పలికితే, ఆ ముక్క ఎక్కువగా మిగులుతుంది. ఇంగ్లిష్‌లో ఊనిక "లి" మీద: లిజ్, లిజీ, ఎలైజా, లిబ్బీ. జర్మన్‌లో కూడా అంతే: లీసె, లీసెల్, లీస్‌బెత్. ఇటాలియన్‌లో ఊనిక "బెట్" మీద: బెట్టా, బెట్టీనా. స్పానిష్‌లో "బెల్" మీద: బెల్, లాటిన్ అమెరికాలో చబేలా. హంగేరియన్‌లో ఎప్పుడూ మొదటి అక్షరం మీదే: ఎర్జీ, ఎర్జీకె. ఇది నూటికి నూరు పాళ్లూ నిలిచే సూత్రం కాదు. ఇంగ్లిష్‌లోనే బెత్, బెస్, బెట్టీ, బెట్సీ ఉన్నాయి. హంగేరియన్‌లో బోజీ ఉంది. పోలిష్‌లో ఊనిక మధ్యలో పడినా ముద్దుపేరు మాత్రం మొదటి ముక్కతో "ఎలా" (Ela) అని వచ్చింది. చంటిపిల్లల నోట చివరి ముక్కే ముందు తిరుగుతుంది, ఆ దారిన వచ్చినవీ చాలానే ఉంటాయి.

మధ్య అచ్చులు మింగేస్తే ఇంకో వరస వస్తుంది. ఎలిసబెత్ నుంచి ఎల్స్‌బెత్, దాన్నుంచి ఎల్సె, ఎల్సా, ఇల్సె. స్కాట్లండ్‌లో ఎల్స్‌బెత్ లోని బ, పక్కనున్న స ప్రభావంతో ప అయి ఎల్స్‌పెత్ అయింది, అందులోంచి ఎల్సీ. ఫిన్నిష్‌లో లీసా, ఎస్టోనియన్‌లో లీస్. ఆస్ట్రియా చక్రవర్తి భార్య ఎలిసబెత్ (1837–1898) జనానికి సిసి. బుడాపెస్ట్‌లో డాన్యూబ్ మీద ఎర్జేబెత్ వంతెన ఆవిడ పేరు మీదే. డావిన్సీ బొమ్మ మోనాలిసాలో "మోనా" అనేది "మడోన్నా" అనే గౌరవ పదానికి కుదింపు, మనం ఫలానా అమ్మగారు అన్నట్టు. లిసా అన్నది ఆవిడ పేరు. అదీ ఎలిసబెట్టా కుదింపుగా పుట్టిన పేరే.

అయితే "ఎల్" అనో "లి" అనో వినబడ్డ ప్రతి పేరునూ ఈ గంపలో వేయకండి. ఆలిస్ వేరు, అది జర్మానిక్ అడెల్‌హైడ్ నుంచి వచ్చింది. ఐరిష్‌లో ఇది బాగా ఇబ్బంది పెడుతుంది. అక్కడ ఐలీష్ (Ailís) అంటే ఆలిస్, A బదులు E తో మొదలయ్యే ఎలీష్ (Eilís) అంటే ఎలిజబెత్. రాతలో ఒక్క అక్షరమే తేడా. ఎలెనా వేరు, అది హెలెన్. లూయిస్ వేరు, అది లూడ్విగ్ కుటుంబం. బెట్టీనా కొన్ని ఇళ్లలో ఎలిసబెట్టా, కొన్ని ఇళ్లలో బెనెడెట్టా. బాప్తిస్మం రిజిస్టరు చూస్తే గానీ తేలదు. మనవాళ్లు కలిపేసే ఇంకో పేరు ఎలీషా. ఆయన మగ ప్రవక్త. ఎలీషాలో మొదటి ముక్క దేవుడే గానీ రెండో ముక్క రక్షణ, షెవ కాదు.

పాత రిజిస్టర్లు వెతికేవాళ్లకు, చరిత్ర అనువదించేవాళ్లకు పనికొచ్చే సంగతులు రెండు మూడు. కాథలిక్ రిజిస్టర్లు చాలాకాలం లాటిన్‌లో రాశారు. ఇంట్లో ఎల్జ్‌బియేటా అయినా, ఎర్జేబెత్ అయినా కాగితం మీద ఎలిసబెథా. లాటిన్‌లో విభక్తిని బట్టి పేరు తోక మారుతుంది. ఎలిసబెథామ్ అని ఉంటే కర్మ, ఎలిసబెథే అని ఉంటే "ఎలిసబెథా యొక్క". ఇవి మూడు వేర్వేరు పేర్లనుకుని ముగ్గురు మనుషుల్ని సృష్టించడం తరచూ జరిగే తప్పు. ఇంగ్లండ్ పాత పత్రాల్లో ఎలిజబెత్ దొరక్కపోతే ఇసబెల్లా కింద వెతకండి. ఒకరే అని తేల్చే ముందు తండ్రి పేరు, భర్త పేరు, ఊరు మూడూ కలుస్తున్నాయో లేదో చూడండి. హంగేరియన్ కాగితాల్లో మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది, ఎర్జేబెత్ రెండో మాటగా ఉంటుంది.

స్పానిష్ నుంచి తెలుగు చేసేటప్పుడు అసలు చిక్కు వచ్చేది "రెండవ ఇసబెల్" దగ్గర. స్పెయిన్‌కు తన సొంత రెండవ ఇసబెల్ ఉంది, 1833 నుంచి 1868 దాకా రాణి. 1952 నుంచి 2022 దాకా బ్రిటన్‌ను ఏలిన రెండవ ఎలిజబెత్‌ను కూడా స్పానిష్ పత్రికలు రెండవ ఇసబెల్ అనే రాశాయి. వాక్యంలో సంవత్సరం ఉంటే పేచీ లేదు. లేకపోతే మాడ్రిడ్ సంగతో లండన్ సంగతో ముందు తేల్చుకుని, మొదటావిడను తెలుగులో ఇసబెల్ అనీ, రెండో ఆవిడను ఎలిజబెత్ అనీ రాయాలి.